లేజర్ డయోడ్: ముట్టుకునే ముందు, తుడిచే ముందు

లేజర్ డయోడ్ పాడైనప్పుడు పైకి ఆనవాళ్లేమీ కనబడవు. పొగ రాదు, కాలిన వాసన రాదు, డబ్బా మీద చిన్న మచ్చ కూడా ఉండదు. నిన్నటిదాకా గోడ మీద పదునైన చుక్క వేసిన డయోడ్ ఇవాళ అదే కరెంటుకి మసగ్గా, ఎల్ఈడీలా వెలుగుతుంది. అప్పుడు ఎవరికైనా ముందు తట్టేది ఒకటే: మురికి పట్టి ఉంటుంది, తుడిస్తే సరిపోతుంది. దూదిపుల్ల, స్పిరిట్ సీసా బయటికొస్తాయి. చాలాసార్లు ఆ డయోడ్ అప్పటికే పోయి ఉంటుంది కాబట్టి తుడిచినా ఫలితం ఉండదు. కొన్నిసార్లు మాత్రం బాగానే ఉన్న డయోడ్ ఆ తుడవడం వల్లే పోతుంది.

మామూలుగా దొరికే డయోడ్లు లోహపు డబ్బాలో, గాజు కిటికీ వెనక, గాలి చొరబడకుండా సీలు వేసి వస్తాయి. లోపలికి దుమ్ము వెళ్లే దారే లేదు. అందుకే శుభ్రం చేయడం అన్నది ఈ డయోడ్ విషయంలో అరుదుగా అవసరమయ్యే పని. రోజూ అవసరమయ్యేది దాన్ని పట్టుకునే, కలిపే, విప్పే పద్ధతి. ఈ రెండింటి వెనక ఉన్న కారణాలు ఒకచోటే కలుస్తాయి కాబట్టి ముందు డబ్బా లోపల ఏముందో చూడాలి.

తన వెలుగుకే కాలిపోయే అద్దం

చాలా రకాల లేజర్లలో అద్దాలు విడిగా ఉంటాయి, పాడైతే మార్చుకోవచ్చు. డయోడ్‌లో ఆ వీలు లేదు. మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ పొడవుండే సెమీకండక్టర్ స్ఫటికాన్ని రెండు చివర్లా విరుస్తారు. స్ఫటికం తన సహజమైన తలం వెంట నున్నగా విరుగుతుంది, ఆ విరిగిన ముఖాలే అద్దాలుగా పనిచేస్తాయి. వీటిని ఫేసెట్లు అంటారు. వాటి మీద పల్చటి పూతలు వేసి, ముందు వైపు నుంచి వెలుగు ఎక్కువగా, వెనక వైపు నుంచి కొద్దిగా బయటికి వచ్చేలా చేస్తారు.

వెలుగు ఆ ముఖం మొత్తం నుంచి రాదు. సింగిల్ మోడ్ డయోడ్‌లో వెలుగు బయటపడే చోటు సుమారు 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎత్తు, 3 మైక్రాన్ల వెడల్పు మాత్రమే. 100 మిల్లీవాట్లు అంటే వినడానికి చిన్న సంఖ్యే. ఆ 100 మిల్లీవాట్లూ 3 చదరపు మైక్రాన్ల చోటులోంచి దూరి వస్తున్నాయంటే మాత్రం లెక్క మారిపోతుంది. చదరపు సెంటీమీటరుకి 30 లక్షల వాట్లు దాటుతుంది. డయోడ్ ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఆ అద్దం ఈ తీవ్రతను రోజంతా, ఏళ్ల తరబడి భరిస్తూనే ఉంటుంది. తయారీదారు దానికి ఇచ్చిన గరిష్ఠ కరెంటు అద్దం భరించగల హద్దును దృష్టిలో పెట్టుకునే నిర్ణయించింది.

ఆ హద్దు దాటితే జరిగేది ఇది. ఫేసెట్ దగ్గర స్ఫటికం తెగిపోయి ఉంటుంది కాబట్టి అక్కడ కొంత వెలుగు పీల్చుకోబడి వేడిగా మారుతుంది. వేడెక్కిన సెమీకండక్టర్ వెలుగును ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. ఈ చక్రం ఒకసారి మొదలైతే మైక్రోసెకన్ల వ్యవధిలో ఆ చోట స్ఫటికం కరిగిపోతుంది. అద్దం పోతుంది. అద్దం లేకపోతే లేజర్ లేదు, మిగిలేది మసక ఎల్ఈడీ. మొదట్లో చెప్పిన లక్షణం ఇదే.

ఇందులో గమనించాల్సింది వేగం. మామూలు బల్బు ఫిలమెంటు వేడెక్కడానికి సమయం పడుతుంది, అందుకే క్షణంలో వెయ్యో వంతు పాటు వచ్చిన సర్జ్‌ను అది పట్టించుకోదు. లేజర్ డయోడ్ అలా కాదు. కరెంటు నానోసెకనులో పెరిగితే వెలుగూ నానోసెకనులోనే పెరుగుతుంది. డేటా కేబుళ్లలో వాడేది ఈ గుణం కోసమే, తేలిగ్గా చచ్చిపోయేదీ ఈ గుణం వల్లే. మల్టీమీటర్‌లో గానీ కంటికి గానీ చిక్కని ఒక చిన్న కరెంటు తుళ్లింతను కూడా డయోడ్ వెలుగుగా మార్చి తన అద్దం మీదే వేసుకుంటుంది.

చేతికి తెలియని షాక్

చలికాలంలో తలుపు గొళ్లెం ముట్టుకుంటే చురుక్కుమనడం అందరికీ తెలుసు. మనిషి ఆ చురుకును గుర్తించాలంటే ఒంటి మీద దాదాపు 3000 వోల్టుల స్టాటిక్ చార్జి ఉండాలి. అంతకంటే తక్కువైతే మనకి తెలియనే తెలియదు. తెలియకపోవడమే ఇక్కడ ప్రమాదం.

స్టాటిక్ పరీక్షల కోసం ఎలక్ట్రానిక్స్ రంగంలో మనిషి శరీరాన్ని 100 పికోఫారడ్ల కెపాసిటర్‌గా, దానికి వరసలో 1500 ఓమ్‌ల రెసిస్టర్‌గా లెక్కిస్తారు. ఆ లెక్కన 3000 వోల్టుల చార్జితో ఉన్న వేలు డయోడ్ పిన్ను తాకితే, తొలి క్షణంలో 2 ఆంపియర్ల దాకా కరెంటు పోతుంది. సుమారు 150 నానోసెకన్లలో అది మూడో వంతుకు పడిపోతుంది. ఒక చిన్న ఎర్ర లేజర్ డయోడ్ పనిచేసేది కొన్ని పదుల మిల్లీఆంపియర్ల మీద. అంటే దానికి అలవాటైన కరెంటుకి 50 రెట్లు ఆ చిన్న వ్యవధిలో వచ్చిపడుతోంది. మనిషికి చురుక్కుమనైనా అనిపించని 1000 వోల్టుల దగ్గర కూడా అది 15 రెట్లకు పైనే.

ఇది ముందు దిశలో పోతే ఫేసెట్ కరుగుతుంది. వెనక దిశలో పోతే జంక్షన్, అంటే చిప్‌లో రెండు రకాల సెమీకండక్టర్ పొరలు కలిసే చోటు, దెబ్బతింటుంది. చాలా డయోడ్లకు వెనక దిశలో తట్టుకోగల వోల్టేజి 2 వోల్టులని డేటాషీట్‌లోనే రాసి ఉంటుంది. మామూలు రెక్టిఫయర్ డయోడ్లతో అలవాటైన చేతికి ఈ సంఖ్య నమ్మశక్యంగా అనిపించదు, కానీ ఇది నిజం.

ఇంకో బాధాకరమైన సంగతి: స్టాటిక్ దెబ్బ తగిలిన డయోడ్ వెంటనే చావాలని లేదు. ఫేసెట్ మీద చిన్న చోట మాత్రమే కరిగి, కాసింత లోపంతో పనిచేస్తూ పోతుంది. వెలుగు మొదలయ్యే త్రెషోల్డ్ కరెంటు కాస్త పెరుగుతుంది. కొన్ని వారాల తర్వాత, ఏ కారణమూ లేనట్టు పోతుంది. అప్పుడు నింద కంపెనీ మీదో, దుమ్ము మీదో పడుతుంది. ఆ రోజు డయోడ్‌ను సంచిలోంచి ఎలా తీశారో ఎవరికీ గుర్తుండదు.

కాబట్టి రిస్ట్ స్ట్రాప్ కట్టుకోవడం ఇక్కడ అలంకారం కాదు. స్ట్రాప్ లోపల 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది. పొరపాటున కరెంటు తీగ తగిలినా మనిషికి ప్రమాదం లేకుండా ఉంచేది అదే. అందువల్ల స్ట్రాప్‌కు బదులు ఒట్టి తీగను మణికట్టుకు చుట్టి ఎర్త్‌కి కలపడం ఎప్పుడూ చేయకూడదు. బల్ల మీద స్టాటిక్ మ్యాట్, అది కూడా అదే ఎర్త్‌కి. డయోడ్ పిన్నులు మూడూ కండక్టివ్ ఫోమ్‌లో గుచ్చి గానీ, సన్నని రాగి తీగతో చుట్టి షార్ట్ చేసి గానీ ఉండాలి. సర్క్యూట్‌లో సోల్డర్ చేసేదాకా ఆ షార్ట్ తీయనవసరం లేదు. పిన్నులన్నీ ఒకదానికొకటి కలిసి ఉన్నంతసేపు వాటి మధ్య వోల్టేజి తేడా రాదు, తేడా లేకపోతే చిప్ గుండా కరెంటు పోదు. ఖర్చు లేని ఈ పద్ధతి ఎంతో డబ్బు పోసి కొన్న పరికరాల కంటే ఎక్కువ డయోడ్లను కాపాడుతుంది.

ఎర్త్ చేయడం కండక్టర్లకే పనిచేస్తుంది. థర్మోకోల్, పాలిథీన్ కవరు, సెల్లోటేప్, సింథటిక్ చొక్కా చేయి వంటి వాటి మీది చార్జి ఎర్త్ తీగతో పోదు. టేపును రోల్ నుంచి లాగినప్పుడు వేల వోల్టులు పుడతాయి. వీటిని బల్ల మీది నుంచి తీసేయడమే మార్గం. తీయలేని చోట అయొనైజర్ ఫ్యాన్ పెడతారు. ప్యాకింగ్ కవర్ల విషయంలోనూ ఒక తేడా గుర్తుంచుకోవాలి. గులాబీ రంగు యాంటీస్టాటిక్ కవరు తనలో తాను చార్జి పుట్టించదు, అంతే. బయటి నుంచి వచ్చే దెబ్బను ఆపేది లోహపు పొర ఉన్న, వెండి రంగులో మెరిసే షీల్డింగ్ కవరు. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే స్టాటిక్ గొడవ చాలా తగ్గుతుంది. ఏసీ బాగా ఆరబెట్టిన గదిలో ఆ గొడవ పెరుగుతుంది.

కరెంటు ఇచ్చే పెట్టె

స్టాటిక్ తర్వాత ఎక్కువ డయోడ్లను తినేది పవర్ సప్లై. బెంచ్ సప్లైలో కరెంటు లిమిట్ 50 మిల్లీఆంపియర్లకు పెట్టాం కదా, ఇంకేం భయం అనుకుంటారు. ఆ లిమిట్ పనిచేసేది సప్లై లోపలి సర్క్యూట్ మీద. అవుట్‌పుట్ టెర్మినళ్ల దగ్గర ఉన్న పెద్ద కెపాసిటర్ ఆ లిమిట్‌కు బయట ఉంటుంది. సప్లై ఆన్‌లో ఉండగా డయోడ్ తగిలిస్తే, లిమిట్ మేలుకునే లోపే ఆ కెపాసిటర్ తన చార్జినంతా డయోడ్‌లోకి ఒలికిస్తుంది.

లేజర్ డ్రైవర్లలో (డయోడ్‌కు కరెంటు ఇచ్చే సర్క్యూట్లలో) కూడా ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. కాన్‌స్టెంట్ కరెంట్ డ్రైవర్‌కు లోడ్ లేకపోతే అది కరెంటు పంపాలని ప్రయత్నించి వోల్టేజిని తన గరిష్ఠం దాకా పెంచి కూర్చుంటుంది. ఆ స్థితిలో డయోడ్ తగిలితే ఒక్క దెబ్బకి పోతుంది. వదులైన కనెక్టర్, సరిగ్గా అతకని సోల్డర్ ఇంత ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. తీగ ఊడి మళ్లీ తగిలే ప్రతిసారీ ఈ దెబ్బ పడుతుంది. మొసలి క్లిప్పులతో లేజర్ డయోడ్‌ను వెలిగించి చూడాలన్న ఆలోచన మానుకోవాలి. డ్రైవర్ ఆఫ్ చేసి, అవుట్‌పుట్‌ను షార్ట్ చేసి, డయోడ్ కలిపి, షార్ట్ తీసి, కరెంటును సున్నా నుంచి మెల్లగా పెంచాలి. విప్పేటప్పుడు ఇదే వరస వెనక్కి.

లోపల మానిటర్ ఫోటోడయోడ్ (వెలుగు ఎంత వస్తోందో కొలిచే చిన్న సెన్సరు) ఉన్న రకాలకు ఇంకో జాగ్రత్త. వెలుగును స్థిరంగా ఉంచే డ్రైవర్లు ఈ ఫోటోడయోడ్ చెప్పే మాట విని కరెంటును సర్దుతాయి. ఆ ఒక్క తీగ ఊడితే డ్రైవర్‌కు వెలుగు లేదనిపిస్తుంది. కరెంటు పెంచుతూ పోతుంది, డయోడ్ కాలేదాకా. గరిష్ఠ కరెంటుకు విడిగా హద్దు పెట్టని డ్రైవర్‌ను వాడకపోవడం మంచిది.

సోల్డరింగ్ గురించి కొద్దిగా చాలు. ఎర్త్ ఉన్న మొన, సుమారు 260 డిగ్రీలు, డేటాషీట్ చెప్పిన కొద్ది సెకన్లు, డబ్బా అడుగు నుంచి కనీసం ఒకటిన్నర మిల్లీమీటరు దూరం. పిన్ను వంచాల్సి వస్తే వంపుకీ డబ్బాకీ మధ్య పట్టకారుతో గట్టిగా పట్టుకుని, అవతలి భాగాన్ని మాత్రమే వంచాలి. పిన్ను డబ్బాలోకి దూరేచోట గాజు సీలు ఉంటుంది. అది బీటలు వారితే కంటికి కనబడదు గానీ సీలు పోయినట్టే, తేమ లోపలికి వెళుతుంది. డబ్బాను పట్టుకోవాల్సింది అడుగున ఉండే వెడల్పు అంచు దగ్గర. పైమూతను నొక్కకూడదు, గాజు కిటికీని వేలితో తాకకూడదు. సోల్డర్ ఫ్లక్స్ వదిలించడానికి డయోడ్‌ను అల్ట్రాసోనిక్ తొట్టిలో వేయడం పెద్ద తప్పు. లోపల చిప్‌ను పిన్నుకు కలిపే బంగారు తీగ మందం దాదాపు 25 మైక్రాన్లు. ఆ కంపనానికి అది తెగిపోవచ్చు.

మురికి ఎక్కడుంది?

ఇక తుడిచే సంగతి. దానికి ముందు, మురికి నిజంగా ఉందా, ఉంటే ఏ గాజు మీద అన్నది తేల్చుకోవాలి. దీనికి డయోడ్ తనే సాక్ష్యం ఇస్తుంది.

మానిటర్ ఫోటోడయోడ్ మీద పడేది వెనక ఫేసెట్ నుంచి వచ్చే వెలుగు. అది కిటికీ దాకా రాదు, లెన్సు గుండా పోదు. కాబట్టి కిటికీ మీదో లెన్సు మీదో ఎంత మురికి ఉన్నా మానిటర్ కరెంటు మారదు. డయోడ్ కొత్తగా ఉన్నప్పుడు ఒక కరెంటు దగ్గర మానిటర్ రీడింగ్, బయట పవర్ మీటర్ రీడింగ్ రెండూ రాసిపెట్టుకుని ఉంటే పని చాలా సులువవుతుంది. ఇప్పుడు అదే కరెంటు, అదే ఉష్ణోగ్రత దగ్గర మానిటర్ పాత రీడింగే చూపిస్తూ, పవర్ మీటర్ మాత్రం తగ్గితే అడ్డు బయట ఉంది, శుభ్రం చేస్తే ఫలితం ఉంటుంది. రెండూ కలిసి తగ్గితే చిప్ అలిసిపోయింది లేదా దెబ్బతింది. అప్పుడు ఎంత తుడిచినా లాభం లేదు. దూదిపుల్ల తీసే ముందు చేయాల్సిన పరీక్ష ఇదొక్కటే అయినా చాలు, అనవసరమైన తుడవడాలు చాలావరకు ఆగిపోతాయి.

ఫోటోడయోడ్ లేని పెద్ద నీలి డయోడ్ల వంటి వాటికి ఇంకో దారి ఉంది. తక్కువ కరెంటుతో కాంతిని తెల్లటి, మెరవని తలం మీద వేసి చూస్తే దుమ్ము కణాల చుట్టూ ఉంగరాల్లాంటి గీతలు కనబడతాయి. ముందున్న లెన్సును దాని మరలో కొంచెం తిప్పినప్పుడు ఆ ఉంగరాలు కూడా తిరిగితే మురికి లెన్సు మీద ఉంది. కదలకుండా ఉంటే కిటికీ మీదో, ఇంకా లోపలో ఉంది.

ఈ పరీక్షలన్నీ లేజర్ వెలుగుతుండగా చేసేవి కాబట్టి కళ్ల సంగతి ఇక్కడే గట్టిగా చెప్పుకోవాలి. 400 నుంచి 1400 నానోమీటర్ల మధ్య కాంతిని కన్ను తన లెన్సుతో రెటీనా మీద కేంద్రీకరిస్తుంది. అందులో 700 దాటిన భాగం మనకి దాదాపు కనబడదు. 808, 980 నానోమీటర్ల డయోడ్లు వెలుగుతున్నాయో లేదో కంటికి తెలియదు, రెప్ప మూసుకునే సహజ రక్షణ కూడా పనిచేయదు. ఆ నిర్దిష్ట తరంగదైర్ఘ్యానికి రేటింగ్ ఉన్న కళ్లజోడు తప్పనిసరి. కిటికీ మీద దుమ్ము ఉందో లేదో చూడ్డానికి భూతద్దం పెట్టి దగ్గరగా చూసేటప్పుడు డ్రైవర్ ఆఫ్‌లో ఉంటే చాలదు, తీగ కూడా విప్పి ఉండాలి. వెలుగుతున్న డయోడ్‌ను తుడవడం అన్నది కంటికీ ప్రమాదమే, డయోడ్‌కీ ప్రమాదమే. పట్టకారు లోహం నుంచో, తడి గాజు నుంచో వెనక్కి కొట్టిన వెలుగు మళ్లీ ఫేసెట్ మీదే పడి దాన్ని కాల్చగలదు.

ఒక మాట. కిటికీ మీద ఒకటి రెండు దుమ్ము కణాలుంటే కంగారు అక్కర్లేదు. ఫేసెట్ నుంచి బయటపడ్డ వెలుగు ఒక అక్షంలో 30 డిగ్రీలు, ఇంకో అక్షంలో 10 డిగ్రీలు చొప్పున విచ్చుకుంటుంది. మిల్లీమీటరు దూరంలో ఉన్న కిటికీకి చేరేసరికే దాని తీవ్రత వేల రెట్లు తగ్గిపోతుంది. అక్కడి దుమ్ము కొంత వెలుగును చెదరగొడుతుంది తప్ప సాధారణంగా డయోడ్‌ను చంపదు. పనికి అడ్డురాని దుమ్మును వదిలేయడం కూడా సరైన నిర్ణయమే.

తుడిచే పద్ధతి

మొదటి మెట్టు ఎప్పుడూ గాలి. గట్టి దుమ్ము కణం ఉండగా గుడ్డతో రుద్దితే ఆ కణమే గాజు మీది పూతను గీకుతుంది. రబ్బరు బ్లోయర్ మేలైనది. కొత్త బ్లోయర్ లోపల తయారీనాటి పౌడరు ఉండొచ్చు, అందుకని ముందు నాలుగైదుసార్లు పక్కకి ఊది, తర్వాత డయోడ్ వైపు తిప్పాలి. నోటితో ఊదకూడదు, తుంపరలు పడతాయి. కంప్రెసర్ గాలిలో నూనె ఉంటుంది. డబ్బాల్లో వచ్చే గాలిని వంచి పడితే ద్రవం చల్లగా చిమ్మి గాజు మీద మరక వేస్తుంది. ఫిల్టర్ చేసిన పొడి నైట్రోజన్ ఉంటే అంతకంటే మంచిది లేదు, కాకపోతే వేగంగా వచ్చే పొడి వాయువు కూడా స్టాటిక్ పుట్టిస్తుంది. పిన్నులు షార్ట్‌లోనే ఉండాలన్న మాట ఇక్కడ కూడా వర్తిస్తుంది.

గాలితో పోనిది వేలిముద్ర, ఫ్లక్స్ ఆవిరి, గ్రీజు. వీటికే ద్రావకం కావాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దాదాపు అన్ని సందర్భాల్లో సరిపోతుంది, 99 శాతం పైన స్వచ్ఛత ఉన్నది. మందుల షాపు స్పిరిట్‌లో నీళ్లు ఎక్కువ, శానిటైజర్లలో గ్లిజరిన్ వంటివి కలుస్తాయి. అవి ఆరాక పొర మిగులుతుంది, తుడిచిన తర్వాత గాజు ముందుకంటే మురికవుతుంది. ద్రావకాన్ని తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. శుభ్రమైన గాజు పలక మీద ఒక చుక్క వేసి, పూర్తిగా ఆరనిచ్చి, దీపం కింద ఏటవాలుగా పట్టి చూడాలి. అంచున ఉంగరం లాంటి మరక కనబడితే అది ఆప్టిక్స్‌కు పనికిరాదు, సీసా మీద ఏమి రాసి ఉన్నా సరే. మంచి ద్రావకాన్ని కూడా గాజు సీసాలోనే ఉంచాలి. వాడిన స్వాబ్‌ను మళ్లీ సీసాలో ముంచకూడదు, కొంచెం విడిగా పోసుకుని వాడాలి.

అసిటోన్ ఇంకా బాగా కరిగిస్తుంది, త్వరగా ఆరుతుంది. అదే దాని చిక్కు కూడా. లేజర్ మాడ్యూళ్లలో, సీడీ, డీవీడీ పికప్‌లలో ఉండే లెన్సు చాలావరకు ప్లాస్టిక్. అసిటోన్ తగిలితే లెన్సు తెల్లబారి శాశ్వతంగా పోతుంది. జిగురుతో అతికించిన చోట జిగురు కరిగి లెన్సు మీదికి పాకుతుంది. గాజు అని ఖాయంగా తెలిస్తేనే అసిటోన్ జోలికి పోవాలి. ఏ ద్రావకమైనా మంట అంటుకునేదే, కిటికీ తెరిచిన గదిలో, సోల్డరింగ్ ఐరన్ దూరంగా ఉంచి వాడాలి.

డయోడ్ కిటికీ వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లే, పైగా లోహపు అంచు లోపల కాస్త గుంటగా ఉంటుంది. చెవులు శుభ్రం చేసుకునే దూదిపుల్ల అందులో పట్టదు, పట్టినా నూలు పోగులు వదులుతుంది. నూలు రాలని, సన్నని తల ఉన్న పాలిస్టర్ స్వాబ్ కావాలి. దాన్ని ఆల్కహాల్‌లో ముంచి, తడి కారకుండా విదిలించి, గాజు మధ్యలో ఆనించి, బరువు వేయకుండా మధ్య నుంచి అంచుకు ఒక్కసారి తిప్పుతూ తీయాలి. అంతే, ఆ స్వాబ్ పని అయిపోయింది. మరక మిగిలితే కొత్త స్వాబ్. పాతదానితోనే ముందుకీ వెనక్కీ రుద్దితే తీసిన మురికిని మళ్లీ పరిచినట్టే. పొడి గుడ్డతో రుద్దడం రెండు విధాలా చెడ్డది: గీత పడుతుంది, గాజు మీద స్టాటిక్ పుడుతుంది. బయట విడిగా ఉన్న పెద్ద లెన్సులకైతే లెన్స్ టిష్యూ మీద ఒక చుక్క వేసి, టిష్యూను లెన్సు మీదుగా నెమ్మదిగా లాగేయడం మేలు. టిష్యూ బరువు తప్ప వేలి ఒత్తిడి పడకూడదు.

ఆరడానికి సమయం ఇవ్వాలి. ద్రావకపు ఆవిరి ఇంకా ఉండగా లేజర్ వెలిగిస్తే, ముఖ్యంగా నీలి, ఊదా రంగుల్లో, ఆ ఆవిరి అక్కడే కాలి పొరగా అంటుకోవచ్చు.

మూత తీసిన డయోడ్

లెన్సును మరింత దగ్గరగా తేవాలనో, ప్రయోగం కోసమో కొందరు డబ్బా మూత కోసేస్తారు. కొన్ని డయోడ్లు అసలే మూత లేకుండా, రాగి దిమ్మ మీద చిప్ బయటికి కనబడుతూ వస్తాయి. వీటికి పై నియమాలేవీ చాలవు. ఇక్కడ దుమ్ము నేరుగా ఫేసెట్ మీద, ఆ 30 లక్షల వాట్ల తీవ్రత ఉన్న చోట పడుతుంది. అక్కడ కణం ఆగదు, కాలుతుంది, కాలినది వెలుగును పీల్చుకుంటుంది, మిగతా కథ ముందు చెప్పుకున్నదే.

దుమ్ము కంటే లోతైన శత్రువు గాలిలో కలిసిన ఆవిర్లు. 405 నానోమీటర్ల ఊదా కాంతిలో ఒక్కో ఫోటాన్‌కు 3 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. ఫేసెట్ దగ్గరి తీవ్రతలో అది గాలిలోని సేంద్రియ అణువులను విడగొట్టి, కార్బన్‌ను అద్దం మీద పేరుస్తుంది. సిలికోన్ జిగురు, సిలికోన్ ఆధారిత థర్మల్ పేస్ట్ వదిలే ఆవిరి అయితే సిలికా పొరగా మారుతుంది, దాన్ని తీయడం సాధ్యం కాదు. ఊదా, నీలి డయోడ్ల మూత తీస్తే ఆయుష్షు తగ్గేది ఇందుకే. డయోడ్ దగ్గర సిలికోన్ వాడకపోవడం, రాగి దిమ్మ కింద పేస్ట్‌కు బదులు పల్చటి ఇండియం రేకు పెట్టడం ఈ కారణంగా వచ్చిన అలవాట్లే.

ఇది నీలి రంగుకే పరిమితం కాదు. 1990లలో ఆప్టికల్ ఫైబర్ ఆంప్లిఫయర్ల కోసం తయారైన 980 నానోమీటర్ల డయోడ్లు స్వచ్ఛమైన నైట్రోజన్ నింపిన డబ్బాల్లో కూడా హఠాత్తుగా పోయేవి. జిగురు, ఫ్లక్స్ వంటి వాటి నుంచి వచ్చిన సేంద్రియ ఆవిరి ఆనవాళ్లు ఫేసెట్ దగ్గర కార్బన్‌గా మారడమే కారణమని తేలింది. డబ్బాలో కొంత ఆక్సిజన్ కలిపితే ఆ కార్బన్ పేరుకోకముందే కాలిపోయింది, సమస్య తగ్గింది. అంతటి శుభ్రమైన కర్మాగారంలోనే ఆవిరి ఇలా చేస్తే, తెరిచిన డయోడ్ పక్కన ఫ్లక్స్ పొగ వదలడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

తెరిచిన ఫేసెట్‌ను తుడవకూడదు. స్వాబ్ వద్దు, బ్రష్ వద్దు, ద్రావకం వద్దు. పక్కనే బంగారు తీగలున్నాయి, ముఖం మీద మైక్రాన్‌లో భాగమంత పూత ఉంది. ఫిల్టర్ చేసిన పొడి నైట్రోజన్‌ను తక్కువ ఒత్తిడితో, పక్క నుంచి వదలడం ఒక్కటే ఇంట్లోనో మామూలు ల్యాబ్‌లోనో చేయదగినది. దానికి పోని మురికిని సూక్ష్మదర్శిని, శుభ్రమైన గది ఉన్నవాళ్లకు వదిలేయాలి.

ఫైబర్ తోక (ముందే అతికించిన ఆప్టికల్ ఫైబర్) ఉన్న డయోడ్లలో చిప్ భద్రంగా సీలులో ఉంటుంది, మురికి చేరేది కనెక్టర్ కొసకు. సింగిల్ మోడ్ ఫైబర్‌లో వెలుగు నడిచే మధ్యభాగం 9 మైక్రాన్లే, దాని మీద కూర్చున్న చిన్న కణం కూడా ఎక్కువ పవర్ దగ్గర గాజులోకి కాలిపోతుంది. లేజర్ ఆఫ్ చేసి, కొసను సూక్ష్మదర్శినిలో చూసి, మురికి ఉంటేనే శుభ్రం చేసి, మళ్లీ చూసి, అప్పుడు కలపాలి. రెండు వైపుల కొసలూ చూడాలి, లేకపోతే ఒకదాని మురికి రెండోదానికి అంటుకుంటుంది.

కూలర్‌తో చల్లబరిచే డయోడ్లకు ఇంకొక మురికి ఉంది, అది నీళ్లు. గది గాలి మంచు బిందువు (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కంటే కిందికి చల్లబరిస్తే గాజు మీద, తెరిచిన చిప్ అయితే నేరుగా ఫేసెట్ మీద చెమ్మ పడుతుంది. చల్లని చోట దాచిన డయోడ్‌ను బయటికి తెచ్చినప్పుడు కూడా కవరు వెంటనే విప్పకుండా గది వేడికి రానివ్వాలి.

శుభ్రం చేసిన తర్వాత డయోడ్‌ను నేరుగా పూర్తి కరెంటుకు తీసుకుపోకూడదు. త్రెషోల్డ్ కంటే కింది నుంచి మొదలుపెట్టి, మెట్లు మెట్లుగా పెంచుతూ ఒక్కో కరెంటు దగ్గర వచ్చిన వెలుగును రాసుకుని, గీతగా గీసి, తుడవకముందు గీసిన గీతతో పోల్చాలి. త్రెషోల్డ్ పాత చోటే ఉండి, ఆ పైన వాలు పెరిగితే తుడవడం ఫలించింది. త్రెషోల్డ్ జరిగితే చిప్ దెబ్బతింది, అది ఎప్పుడు జరిగిందో పాత రీడింగులు చెప్పగలవు. గీత మధ్యలో ఎక్కడైనా వంకర, హఠాత్తుగా మెట్టు కనబడితే అక్కడే ఆగి, కరెంటు తగ్గించి, డ్రైవర్ ఆఫ్ చేసి, పిన్నులు షార్ట్ చేసి, లెన్సు సర్దుబాటు నుంచి వెనక్కి కొడుతున్న వెలుగు ఏమైనా ఉందేమో చూడాలి.